ఆడపిల్లకు రెండవ పేరు

నల్లగొండ, పాలమూరు సీమలలో నేడు ఆడపిల్ల జన్మించిన యింట మొదటి పేరునుగూర్చి పెద్ద వివాదము పుట్టుట లేదు. జన్మనక్షత్రపాదమునుబట్టి పురోహితుడొక యక్షరమును చెప్పును. అశ్వినియైనచో చూ, చే, చో, లా యను వానిలో నొకటి. ఆ యక్షరమునకు దగినట్లు తలిదండ్రులు సెల్‌ఫోనులో వెదకి యొక క్రొత్త పేరును తెత్తురు. సహస్ర కానిండు, హన్విక కానిండు, వినుట కింపుగనే యుండును. మాకు ఆక్షేపణ లేదు. చిక్కంతయు రెండవ పేరుకడ వచ్చుచున్నది. 21వ నాడు బిడ్డను తొట్టెలలో వేయునపుడు అవ్వ తన యత్తపేరో, తాము మ్రొక్కుకొన్న వేల్పుపేరో కలుపుమనును. కొడుకు మాటాడడు, కోడలు ముఖము చిట్లించును. తుదకు ‘శ్రీ’ యనియో ‘దేవి’ యనియో యొక తోకను తగిలించి పని ముగింతురు.

ఈ వివాదమున మేము అవ్వ పక్షము.

మన యాచారమున పేరునకు ముందు ఇంటిపేరుండును. మగవానికది కాటివరకు తోడువచ్చును. ఆడుదానికి పెండ్లితో పుట్టినింటిపేరు పోయి మెట్టినింటిపేరు వచ్చుట నేటికిని పెక్కుచోట్ల జరుగుచునే యున్నది. నల్లగొండ జిల్లాలో 1931లో భీమిరెడ్డివారింట నొక బాలిక జన్మించినది. గాంధీమహాత్ముని పిలుపునందుకొని సత్యాగ్రహమున పాల్గొన్న బంధువుల కోరికమేరకు ఆమెకు స్వరాజ్యమని పేరిడిరి. నిజాము ఏలుబడిలో, భూస్వాముల యింట, ఆ పేరు పెట్టుట సామాన్యమైన సాహసము గాదు. ఆమె పెరిగి తెలంగాణ సాయుధపోరాటమున తుపాకి పట్టినది. వివాహముతో భీమిరెడ్డి పోయి మల్లు వచ్చినది. 2022లో కన్నుమూయునాటికి లోకము ఆమెను మల్లు స్వరాజ్యముగనే యెరుగును. ఆ జిల్లాలోనే 1920లో పుట్టిన రుక్మిణియను బాలికకు వివాహముతో ఇంటిపేరేగాక సొంతపేరును మారి, ఆరుట్ల కమలాదేవి యైనది. ఆమెయు పోరాటమున నిలిచినది. 1952లో ఆలేరునుండి శాసనసభకు ఎన్నికైనది. ఆమె కీర్తికి లోటు లేదు. కాని పుట్టినింటివారు నోరార పిలుచుకొన్న రుక్మిణి యెక్కడ?

మొదటి పేరును బిడ్డ వెంట పోవును గదా, రెండవదెందులకని కొందరడుగుదురు. పోవును. అయితే సెల్‌ఫోనులో దొరకిన పేరు పూనాలోను డల్లసులోను నొక్కటియే. అందు ఇల్లు లేదు, ఊరు లేదు. ఆ రెంటిని మోయుటకు రెండవ పేరొకటియే మిగిలియున్నది.

ఇక అవ్వలు చెప్పు పేర్లెట్టివో చూడుడు. యాదగిరిగుట్ట నరసింహస్వామికి మ్రొక్కుకొన్నవారింట యాదమ్మ. కురుమూర్తిస్వామి పేర కుర్మమ్మ. అలంపురమునందలి తల్లి పేర జోగులమ్మ. (2016లో జిల్లాలను విభజించినపుడు ప్రభుత్వమువారే యాదాద్రి భువనగిరి యనియు, జోగులాంబ గద్వాల యనియు జిల్లాలకు జంటపేర్లు పెట్టిరి. జిల్లాకు తగిన పేరు బిడ్డకు తగదా?) పాలకవీడు మండలమున జాన్‌పహాడు దర్గా యున్నది. అచట మ్రొక్కుకొని బిడ్డలను కన్న హిందువులు సైదులు, సైదమ్మ యని పేర్లిడుకొనుట ఆ సీమలో తరతరముల వాడుక. సయ్యదు అను మాట మన రైతుల నోట సైదులైనది. హిందూ ముస్లిముల సఖ్యమునుగూర్చి సభలలో గంటలకొలది ఉపన్యసించువారికంటె, బిడ్డను సైదమ్మా యని పిలిచిన తల్లి యెక్కువ చెప్పినదని మా నమ్మకము.

పెంటమ్మ యను పేరు విని పట్టణవాసులు నవ్వుదురు. వరుసగ బిడ్డలను పోగొట్టుకొన్న తల్లి, పుట్టిన పసికందును పెంటకుప్పపై నుంచి, ఎవరికిని పనికిరానిదైనట్లు మృత్యువును నమ్మించి, మరల నెత్తుకొనెడిది. ఆ పేరులో రోత లేదు, కడుపుకోత కలదు. మహారాష్ట్రమునందు సాతారా జిల్లాలో 2011లో 285 మంది బాలికలకు ‘నకుశా’ యను పేరు తీసి క్రొత్త పేర్లు పెట్టిరి. నకుశా యనగా అక్కరలేనిది. కొడుకును కోరి కూతును గన్నవారు పెట్టిన పేరది. బ్రతుకవలెనని పెట్టిన పెంటమ్మను దానితో నొక్కగాట గట్టరాదు. అయినను నేటి బాలికకు పెంటమ్మ యని పేరిడుమని మేము చెప్పము. బడిలో తోటిపిల్లలు బ్రతుకనీయరు. ముత్తవ్వ పేరు పెంటమ్మయైనచో ఆ కథను బిడ్డకు చెప్పి, మరియొక పెద్దదిక్కు పేరు పెట్టుట మేలు.

‘అమ్మ’తో ముగియు పల్లెపేర్లు మోటవని సిగ్గుపడువారొకమారు హైదరాబాదు కోఠీకి పోవుదురు గాక. నాటి నల్లగొండ జిల్లా, జనగామ తాలూకా, పాలకుర్తిలో తన పంటకై దొరనెదిరించిన చాకలి అయిలమ్మ పేరు 2024లో అచటి మహిళా విశ్వవిద్యాలయమునకు పెట్టిరి.

సంస్కృతనామముతో తెలుగుపేరు చేర్చిన వైరిసమాసమగునని పండితులొకరిద్దరు శంకింపవచ్చును. సమాసము చేసిననే గదా వైరము! రెండును విడివిడిగ వ్రాసిన వ్యాకరణమునకు వచ్చిన నష్టము లేదు. చెవికి పొందిక మాత్రము చూడవలసినదే. అనన్య యాదమ్మ యనునపుడు రెండు యకారములు తాకి నాలుక తడబడును. హన్విక కుర్మమ్మకును అదే తంటా. సహస్ర యాదమ్మ నిలిచి పలుకును. వాకిటనుండి దొడ్డివరకు వినబడునట్లు నాలుగుమార్లు కేకవేసి చూచిన తెలియును. ‘అమ్మ’ బరువనిపించిన తీసివేసి యాద యనుడు. మన సీమలో యాది యనగా జ్ఞాపకము గదా! సంఖ్యాశాస్త్రజ్ఞుడు చెప్పెనని ఇంగ్లీషు వ్రాతలో రెండక్షరములు పెంచుకొనుట మాత్రము వట్టి వెఱ్ఱి. ఆ యక్షరముల మూలమున కాగితమునకొక తీరుగ పేరు మారి, పిదప ఆఫీసులచుట్టు తిరుగువారెందరో.

ఈ కాగితముల మాట తేలిక గాదు. సవరించిన జననమరణముల నమోదు చట్టము 2023 అక్టోబరు 1నుండి అమలులోనికి వచ్చినది. అటుపిమ్మట పుట్టినవారికి బడిలో చేరుటకును, ఆధారునకును, పాస్‌పోర్టునకును పుట్టినతేదీకి జననపత్రమే ప్రమాణము. కావున రెండవ పేరును అందు పూర్తిగ వ్రాయింపవలెను. పొట్టియక్షరము మాత్రమే వ్రాసి వదలినచో, యాదమ్మ ‘వై’ గను, సైదమ్మ ‘ఎస్’ గను మిగులును; పదియేండ్లకు ఆ ‘ఎస్’ ఏమని బిడ్డ యడిగిన తండ్రికే తోచదు. పేరు నిశ్చయము కాలేదని జననమును నమోదు చేయింపకుండుట తగదు. 1969 నాటి చట్టమే పేరు లేకుండ జననమును వ్రాయించుట కవకాశమిచ్చుచున్నది. నమోదైన నాటినుండి 12 నెలలలోపల పేరును రుసుము లేకుండ చేర్పించుకొనవచ్చును. కోడలును అవ్వయు కూర్చుండి వాదించుకొనుటకు ఆ గడువు చాలును.