కోతకు బీమా ఉంది, ఓపికకు లేదు

ఎనిమిదేళ్ల పిల్ల మణికట్టు మీద రేగుపండంత బుడిపె లేచిందనుకుందాం. నొప్పి లేదు, జ్వరం లేదు, రాయడానికీ ఆడుకోవడానికీ అడ్డం లేదు. చూడడానికి మాత్రం బాగాలేదు. దాన్ని కోయించాలా, వద్దా? ఇది ఒక ఇంటి సమస్య, దీనికీ దేశ రాజకీయాలకూ ఏమిటి సంబంధమని పాఠకులు అడగవచ్చు. సంబంధం ఉంది. ఆ తల్లిదండ్రుల నిర్ణయంలో సగం వారు ఆసుపత్రి మెట్లు ఎక్కకముందే ఢిల్లీలోనూ, రాష్ట్ర రాజధానుల్లోనూ జరిగిపోయింది. ఏ వైద్యానికి ప్రభుత్వం డబ్బు కడుతుంది, దేనికి కట్టదు అనే లెక్కే ఆ సగం నిర్ణయం.

ముందు వైద్యశాస్త్రం చెప్పేది చూద్దాం. పిల్లల మణికట్టు మీద లేచే ఇటువంటి బుడిపెల్లో ఎక్కువ భాగం గాంగ్లియాన్ అనే నీటితిత్తులే. కీలు పొర నుంచో, కండరాన్ని ఎముకకు కలిపే టెండన్ తొడుగు నుంచో అవి ఉబికి వస్తాయి. లోపల ఉండేది చిక్కని జిగురు ద్రవం. అది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు. టార్చిలైటు ఆనించి చూస్తే వెలుతురు లోపలికి పారుతుంది. సందేహం మిగిలితే అల్ట్రాసౌండ్ పరీక్ష తీరుస్తుంది. పిల్లల్లో ఈ తిత్తులు చాలావరకు ఏడాదిలోనో, అంతకు కాస్త అటూ ఇటూగానో వాటంతటవే కరిగిపోతాయి. సూదితో ద్రవం లాగేస్తే తరచుగా మళ్లీ నిండుతాయి. కోసి తీసేసినా కొందరికి తిరిగి వస్తాయి. పైగా పెద్దలకు చేసినట్టు చేతికి మాత్రమే మత్తు ఇచ్చి పిల్లలకు ఈ శస్త్రచికిత్స చేయడం కష్టం. సాధారణంగా పూర్తి మత్తు ఇవ్వవలసి వస్తుంది. తర్వాత మచ్చ మిగలవచ్చు, కీలు కొన్నాళ్లు బిగుసుకుపోవచ్చు, చర్మం కింది సన్నని నరాలు దెబ్బతినవచ్చు. బుడిపె అరచేతి వైపు ఉంటే, నాడి పట్టి చూసే ధమని దాని పక్కనే ఉంటుంది.

శస్త్రచికిత్స తప్పనిసరి అయ్యే సందర్భాలూ ఉన్నాయి. నొప్పి వదలకపోతే, వేళ్లలో తిమ్మిరో బలహీనతో కనిపిస్తే, మణికట్టు సరిగా వంగకపోతే కోయించడమే సబబు కావచ్చు. బుడిపె రాయిలా గట్టిగా ఉన్నా, వెలుతురు పారకపోయినా, వారాల వ్యవధిలో పెరిగిపోతున్నా, ఎర్రబడి జ్వరం వచ్చినా ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకుండా నిపుణుడికి చూపించాలి. నొక్కి పగలగొట్టడం, బరువైన వస్తువుతో కొట్టడం వంటి పాత మొరటు పద్ధతులు ఎప్పుడూ పనికిరావు. ఈ లక్షణాలేవీ లేని పిల్లకు మాత్రం సరైన వైద్యం ఓపికే. ఓపిక అంటే గాలికి వదిలేయడం కాదు. తెలిసిన వైద్యుడు మూడు నాలుగు నెలలకోసారి చూసి, కొలిచి, రాసిపెట్టి, కిందటిసారితో పోల్చి చెప్పడం. అది కూడా వైద్యమే. దానికీ చదువు కావాలి, సమయం కావాలి, డబ్బు కావాలి.

సరిగ్గా ఇక్కడే మన విధానం చేతులెత్తేస్తుంది.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలైంది. 2018 సెప్టెంబరులో రాంచీలో ప్రధాని ప్రారంభించిన ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన అదే బాటను దేశమంతటికీ పరిచింది. కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల రక్షణ. పేదవాడి గుండెకూ, మూత్రపిండానికీ ఈ పథకాలు చేసిన మేలును తక్కువ చేసి మాట్లాడేవాడిని కాను. వాటి చలవతో బతికిన ప్రాణాలు మన ఊళ్లలోనే ఉన్నాయి. కానీ వాటి ఎముకల గూడు ఒక్కసారి పరిశీలించండి. అవి ప్రధానంగా మంచం ఎక్కినవాడికి డబ్బు కడతాయి. మంచం ఎక్కనవసరం లేదని చెప్పించుకోవడానికి వచ్చినవాడికి కట్టవు. మధ్యతరగతి కొనుక్కునే ప్రైవేటు బీమా తీరూ అంతే. ఇరవై నాలుగు గంటలు ఆసుపత్రిలో ఉండాలి, లేదా పగటిపూటే ముగిసే చికిత్సల జాబితాలో ఆ శస్త్రచికిత్స ఉండాలి. బయటి రోగిగా వెళ్లి వైద్యుడితో పదిహేను నిమిషాలు మాట్లాడి వస్తే, సాధారణంగా ఆ బిల్లు మనదే.

ఇప్పుడు బుడిపె ఉన్న పిల్ల తండ్రి వేసుకునే లెక్క చూడండి. నాలుగుసార్లు వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. నాలుగు ఫీజులు, ఒక స్కానింగు, నాలుగు రోజుల కూలి, దారి ఖర్చులు. ఇదంతా జేబులోంచే పోవాలి. కోయిస్తే? కార్డు పనిచేసే చోట కార్డు కడుతుంది, బీమా ఉన్నచోట బీమా కడుతుంది. అంటే ఆగి చూడడం ఖరీదైన పని అయింది, కోయించడం ఉచితమైన పని అయింది. అవసరమైనది కొనుక్కోవాలి, అవసరం లేనిది ఊరికే దొరుకుతుంది. ఈ తలకిందుల ధరల పట్టికను తయారు చేసింది ఆ తండ్రి కాదు. వైద్యుడు కూడా కాదు. విధానకర్తలు.

జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం 2021-22లో దేశపు మొత్తం ఆరోగ్య వ్యయంలో 39.4 శాతం ప్రజలు సొంత జేబు నుంచి పెట్టుకున్నదే. ప్రభుత్వాలన్నీ కలిపి పెట్టినది స్థూల దేశీయోత్పత్తిలో 1.84 శాతం. 2025 నాటికి దీన్ని 2.5 శాతానికి చేరుస్తామని 2017 జాతీయ ఆరోగ్య విధానం రాసుకుంది. అందులో మూడింట రెండు వంతుల వరకు, లేదా అంతకు మించి, ప్రాథమిక వైద్యానికి వెచ్చిస్తామనీ అదే పత్రం చెప్పింది. మరి మన రాజకీయ పోటీ దేని మీద నడిచింది? 2023 డిసెంబరు ఒక్క నెలలోనే తెలంగాణ ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచింది, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచింది. పార్టీలు వేరు, జెండాలు వేరు, వేలంపాట ఒక్కటే. మీ పిల్లను ఏడాదిలో నాలుగుసార్లు చూసి, భయం లేదు, ఆగండి అని చెప్పే వైద్యుణ్ని మీ మండలంలో నిలబెడతాను అని ఓటడిగిన నాయకుణ్ని నేను చూడలేదు. ఆ వాగ్దానానికి ఫ్లెక్సీ కట్టడం కష్టం. తీయని బుడిపె పక్కన నిలబడి ఎవరు ఫొటో దిగుతారు?

ఇది శస్త్రవైద్యులను దొంగలుగా చిత్రించే వాదన కాదు. వద్దు, ఆగండి అని చెప్పి రోగిని ఇంటికి పంపే వైద్యులు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. అయితే నిజాయితీకి శిక్ష, తొందరకు బహుమతి ఉన్న చోట నిజాయితీ ఎంతకాలం నిలుస్తుంది? ఆపరేషన్ చేస్తేనే ఆదాయం వచ్చే ఆసుపత్రిలో ప్రతి వైద్యుడూ తపస్వి కావాలని కోరుకోవడం విధానం అనిపించుకోదు.

ఈ దారి చివర ఏముంటుందో దేశం ఇదివరకే చూసింది. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో పేద మహిళలకు అవసరం లేకుండా గర్భసంచులు తొలగించారనీ, బీమా పథకపు డబ్బు కోసమూ ఆ పని జరిగిందనీ ఆరోపిస్తూ డాక్టర్ నరేంద్ర గుప్తా 2013లో సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. తీర్పు రావడానికి పదేళ్లు పట్టింది. 2023 ఏప్రిల్‌లో న్యాయస్థానం, అనవసర గర్భసంచి శస్త్రచికిత్సలను అరికట్టే కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులో పెట్టాలని రాష్ట్రాలను ఆదేశించింది. గర్భసంచి నష్టం ముందు మణికట్టు బుడిపె చిన్నదే, ఒప్పుకుంటాను. కానీ ఆ రెండింటికీ తీసుకుపోయే తర్కం ఒక్కటే: కోతకు డబ్బుంది, సలహాకు లేదు. పెద్ద అన్యాయం బయటపడితే కనీసం వ్యాజ్యమైనా పడుతుంది. చిన్న అనవసరాలను లెక్కపెట్టే నాథుడు లేడు.

తల్లిదండ్రులు సంతకం పెడుతున్నారు కదా, ఇక తప్పెవరిదని అడిగేవారున్నారు. ఆ సంతకానికి ఏ విలువ ఉండాలో సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో చెప్పింది. చికిత్స స్వభావం, ప్రయోజనం, ముఖ్యమైన ప్రమాదాలతో పాటు ప్రత్యామ్నాయాలేమిటో, చికిత్స వద్దంటే ఏమవుతుందో కూడా రోగికి తెలియజేయాలని ఆ తీర్పు సారాంశం. ఈ చివరి రెండింటినీ ఎన్ని ఆసుపత్రుల్లో చెబుతున్నారు? కోయించకపోతే బహుశా ఏడాదిలో అదే పోతుంది అన్న ఒక్క వాక్యం వినకుండా పెట్టిన సంతకం సమ్మతి కాదు, లొంగుబాటు. అంగీకార పత్రం ఇంగ్లీషులో ఉండి, సంతకం తెలుగులో ఉన్నప్పుడు ఆ లొంగుబాటు సంపూర్ణం. ఇక ఆ పిల్ల మాట? తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకు ఉందని చెప్పే ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో భారతదేశం 1992లోనే చేరింది. బుడిపె ఆ పిల్ల చేతిది. అది ఆమెను బాధిస్తోందా, లేక పెళ్లిళ్లలో చుట్టాలు అడుగుతున్నారని మనల్ని బాధిస్తోందా అని ఆమెనే అడగాలి. ఆడపిల్ల చేయి, రేపు పెళ్లిచూపుల్లో కనిపిస్తుంది అన్న ఆలోచనతో ఎనిమిదేళ్ల పిల్లను మత్తు బల్ల ఎక్కించే హక్కు మనకు ఎవరిచ్చారు?

ప్రత్యర్థి వాదన ఒకటి బలంగానే ఉంది. ఇంగ్లండులో ప్రభుత్వ వైద్యవ్యవస్థ 2018లో పదిహేడు చికిత్సలను ఎంపిక చేసి, వాటిలో కొన్నింటిని దాదాపు ఆపేసి, మిగిలినవి తగిన కారణాలుంటేనే చేయాలని నిర్దేశించింది. ఆ రెండో రకంలో గాంగ్లియాన్ తొలగింపు ఉంది. పొదుపు కోసం రోగికి తలుపు మూయడమేనని అక్కడా విమర్శ వచ్చింది. మన దగ్గర అదే చేస్తే, వైద్యమే అందని పేదవాడికి ఉన్న ఆ కాస్తా దక్కకుండా పోదా అన్నది ప్రశ్న. పోతుంది, నిషేధాన్ని మాత్రమే అరువు తెచ్చుకుంటే. అక్కడ వద్దు, ఆగండి అని చెప్పే కుటుంబ వైద్యుడు ఫీజు లేకుండా దొరుకుతాడు. ఆరు నెలల తర్వాత మళ్లీ చూస్తాడు. మన దగ్గర అతణ్ని నిలబెట్టకుండా కోతను మాత్రం ఆపితే అది క్రూరత్వమే. అతి వైద్యం, అందని వైద్యం రెండు వేర్వేరు జబ్బులు కావు. మొదటి మెట్టు మీద వైద్యుడు లేకపోవడం వల్లనే పట్నం పిల్లకు అక్కరలేని కోత పడుతోంది. అదే కారణం వల్ల మన్యంలోని పిల్లకు రాయిలా గట్టిపడి పెరుగుతున్న బుడిపెను, నిజంగా ప్రమాదకరమైనదాన్ని, గుర్తించేవాడు లేకుండా పోతున్నాడు.

కాబట్టి అడగవలసినవి ఇవి. ఆయుష్మాన్ భారత్‌కు రెండు చేతులని 2018లో చెప్పారు: ఒకటి బీమా, రెండోది లక్షన్నర ఆరోగ్య కేంద్రాలు. ఆ రెండో చేతికి 2023లో ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని కొత్త పేరు పెట్టారు. ఇప్పుడు దానికి వైద్యుణ్ని ఇవ్వండి. పిల్లలకు చేసే, అత్యవసరం కాని ప్రతి శస్త్రచికిత్సకు ముందు, ఆ ఆసుపత్రితో సంబంధం లేని మరో వైద్యుడి అభిప్రాయానికి పథకమే డబ్బు కట్టాలి. రెండో అభిప్రాయం రోగి హక్కు అని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రంలోనే ఉంది. డబ్బు కట్టని హక్కు గోడ మీద కాగితంగానే మిగులుతుంది. ఆగి చూసే చికిత్సకూ పథకాల జాబితాలో ఒక ధర రాయాలి. అంగీకార పత్రం రోగి భాషలో ఉండాలి, ఈ చికిత్స చేయకపోతే ఏమవుతుంది అన్న ప్రశ్నకు జవాబు అందులో రాతపూర్వకంగా ఉండాలి. పథకాల కింద పిల్లలకు చేస్తున్న శస్త్రచికిత్సల లెక్కలను ఆసుపత్రుల వారీగా ఏటా బయటపెట్టాలి.

ఇవన్నీ వచ్చేదాకా తల్లిదండ్రులు ఆసుపత్రిలో గట్టిగా నాలుగు ప్రశ్నలు వేయాలి. ఇది నీటితిత్తేనని ఎలా నిర్ధారించారు? ఏడాది ఆగితే ఏమి నష్టం? కోశాక మళ్లీ వచ్చే అవకాశం ఎంత? మీ సొంత బిడ్డ అయితే ఏమి చేస్తారు? ఈ నాలుగింటికీ ఓపికగా జవాబు చెప్పే వైద్యుడు కోయమన్నా నమ్మవచ్చు. విసుక్కునేవాడు ఉచితంగా కోస్తానన్నా లేచి రావచ్చు.

మనం ఎన్నుకునేవారికి మాత్రం ఒకే ప్రశ్న చాలు. మంచం ఎక్కితే పాతిక లక్షలు ఇస్తానంటున్నారు, బాగుంది. మంచం ఎక్కకుండా ఉండడానికి ఎంత ఇస్తారు?