కొండపల్లి ఖిల్లా ఎవరిది?



మొన్న ఆదివారం నాష్తా చేసి బెంజ్ సర్కిల్ నుంచి పిల్లలతో కొండపల్లి ఖిల్లాకి వెళ్ళాం. గొల్లపూడి, ఇబ్రహీంపట్నం దాటితే వచ్చేస్తుంది.

దర్గా దర్వాజా దగ్గర మావాడు మెల్లగా అడిగాడు: "అబ్బా, ఇది మన ఖిల్లానా, వాళ్లదా?" స్కూల్లో దోస్త్ ఒకడు "మీవాళ్లొచ్చి మా కోటలన్నీ లాక్కున్నారు" అన్నాడట. వాడి మొహంలో షర్మిందగీ చూసి నా దిల్ కలుక్కుమంది. "మనదే బేటా, సుల్తానులది" అనబోయి ఆగాను. అదీ గలత్ జవాబే.

తవారీఖ్ చూడండి. 14వ శతాబ్దంలో రెడ్డిరాజులు కట్టించారు. తర్వాత బహమనీలు, గజపతులు దీనికోసం కొట్టుకున్నారు. 16వ శతాబ్దం మొదట్లో కృష్ణదేవరాయలు దీన్ని గెలిచింది ఏ సుల్తాన్ నుంచో కాదు, ఒడిశా గజపతి నుంచి. ఆపైన కుతుబ్‌షాహీలు. 1687లో ఔరంగజేబు గోల్కొండను గెలిచి తానీషాను దౌలతాబాద్‌లో కైద్ చేశాడు. ఇద్దరూ ముసల్మానులే! ఆ తానీషా దర్బారును నడిపింది అక్కన్న, మాదన్న అనే బ్రాహ్మణ అన్నదమ్ములు. మన బెజవాడ కొండ గుహలకు వాళ్ల పేరే ఉంది. 1766లో ఇంగ్లీషువాళ్లు వచ్చారు.

ఇందులో 'మన' ఎవరు, 'వాళ్లు' ఎవరు?

మన ఇళ్లలోనూ ఒక ఆదత్ ఉంది. పిల్లలకు ధైర్యం చెప్పాలని "మనం ఏలినవాళ్లం" అంటాం. మా దాదా జట్కా తోలారు. మీ ఖాందాన్లలో దూది ఏకినవాళ్లు, బట్టలు కుట్టినవాళ్లు ఉంటారు. తఖ్త్ మీద కూర్చున్నవాళ్లు ఎందరు? సుల్తానుల షాన్ మనదని చెప్పుకుంటే, వాళ్ల జుల్మ్ కూడా మన ఖాతాలోనే రాస్తారు. మన బచ్చాలు ఆ రెండూ ఎందుకు మోయాలి? హలాల్ కమాయీతో బతికిన దాదాల మీద ఫఖర్ చాలదా?

పైన మహల్ గోడ నీడలో కూర్చుని మావాడికి ఈ కథంతా చెప్పాను. "అయితే ఇప్పుడెవరిది?" అన్నాడు.

"టికెట్ కొనుక్కుని ఎక్కినవాళ్లందరిదీ. వచ్చేసారి నీ దోస్త్‌ని కూడా తీసుకురా. బిర్యానీ మనం తెద్దాం, మిగతాది వాళ్లమ్మని అడుగు."

వాడు నవ్వాడు. వాళ్ల ఇంటికి ఫోన్ చేయడం నా జిమ్మేదారీ. ఇన్షా అల్లాహ్, ఈ వారమే చేస్తాను.