అభిజీత్‌కు తారికను ఇచ్చి చేసే మనము, మన పిల్లలకు ఎందుకు అడ్డం పడతాము?



పోయిన ఆదివారం మీటింగు ముగిసి అందరం కాఫీ తాగుతా ఉంటే, ఇద్దరు ఆడపిల్లలు సీఐడీ సీరియల్ గురించి వాదించుకుంటా ఉండారు. "అభిజీత్‌కి, డాక్టర్ తారికకి పెళ్ళి ఎప్పుడు చేస్తారో" అని ఒకమ్మాయి. "ముందు దయాకి, శ్రేయకి కానీయి" అని ఇంకొకమ్మాయి. పక్కనున్న పెద్దాయన "హంతకుణ్ణి పట్టే కథలో మీకు పెళ్ళి గోల ఏమిటికి?" అని గద్దించినారు. పిల్లలు గమ్మునైపోయినారు. మాకు ఆ గద్దింపు సరి అనిపించలేదు. అందుకే ఇంత రాస్తా ఉండాము.

సీఐడీ 1998 జనవరిలో సోనీలో మొదలై 2018 దాకా నడిచింది. 2024 డిసెంబరులో మళ్ళీ వచ్చింది. హిందీ సరిగ్గా రాని మంచేనహళ్ళి ఇండ్లలో కూడా దయా తలుపు పగలగొడితే అందరికీ అర్థమైంది. అభిజీత్ రిపోర్టు కోసం ల్యాబ్‌కు వస్తాడు, తారికతో రెండు మాటలు, ఒక నవ్వు, అంతలో డాక్టర్ సాలుంకే విసుక్కుంటాడు. అంతే. ఆ కాస్తకే అభిమానులు రెండు పేర్లు కలిపి 'అభిరికా' అన్నారు, దయా శ్రేయలను 'దరేయా' అన్నారు, సొంతంగా కథలు కూడా రాసుకున్నారు. ఇది మన పిల్లల పిచ్చి మాత్రమే కాదు. అమెరికాలో 1993లో మొదలైన 'ఎక్స్ ఫైల్స్'లో మల్డర్, స్కల్లీ అనే ఇద్దరు ఏజెంట్ల కోసం కూడా చూసేవాళ్ళు రెండు పక్షాలైనారు.

ఎందుకు ఇంత ఆశ? మన పెళ్ళిచూపుల్లో అరగంట, ఒక ప్లేటు బజ్జీ, తల వంచుకున్న పిల్ల. ఏమి తెలుస్తుంది? పనిలో అయితే అలసిపోయినప్పుడు మనిషి ఎట్లా ఉంటాడు, తప్పు చేస్తే ఒప్పుకుంటాడా, ఆడమనిషి చెప్పింది వింటాడా, అన్నీ తెలుస్తాయి. పిల్లలు కోరేది ఆ ఎరుకనే.

అయితే ఒక మాట. మేము రైల్వేలో ఉన్నప్పుడు ఒక స్టేషన్ బుకింగ్ ఆఫీసులో ఒకాయన, ఒకామె నైట్ డ్యూటీ చేసేవారు. ఒక రాత్రి క్యాష్ తక్కువ వచ్చింది. ఆయన తప్పు ఆమె మీద వేయలేదు. ఇద్దరూ తెల్లవారేదాకా లెక్క చూసి సరిచేసినారు. వారం తిరగకముందే స్టాఫ్ అంతా నోటితోనే వాళ్ళకు పెళ్ళి చేసేసినారు. వాళ్ళ మధ్య ఏమీ లేదు. ఆమె తట్టుకోలేక ట్రాన్స్‌ఫర్ అడిగి పోయింది. ఆ రోజు నవ్వినవాళ్ళలో మేమూ ఉండాము. సీరియల్‌లో జోడీ కడితే ఎవరికీ నొప్పి లేదు. ప్రాణమున్న మనుషులను కడితే పాపం తగులుతుంది.

మగపిల్లలకు ఇంకొకటి. ల్యాబ్‌లో అభిజీత్ నవ్వితే తారికా నవ్వుతుంది కాబట్టి అది ముచ్చట. ఎదురు నవ్వు లేకపోతే అది వేధింపు. 2013 చట్టం ప్రకారం పదిమంది పనిచేసే ప్రతి ఆఫీసులోనూ ఫిర్యాదు కమిటీ ఉండాల్సిందే.

ఇప్పుడు మన సంగతి. మనవాళ్ళ పిల్ల ఒకతి బెంగళూరులో రాత్రి షిఫ్టు చేస్తుందని, మగవాళ్ళతో కలిసి పని అని, కుదిరిన సంబంధం తప్పిపోయింది. ఆఫీసులో తనతో పనిచేసే పిల్లను చేసుకుంటానన్న ఒక అబ్బాయితో ఇంట్లోవాళ్ళు మాట్లాడటం లేదు. ఆ ఇండ్లలోనే రాత్రి టీవీ ముందర కూర్చుని "పాపం, వీళ్ళకు పెళ్ళి చేయకూడదా" అంటారు. తెర మీద ఏండ్ల తరబడి ఎదురుచూసే ఓపిక ఉంది, ఇంట్లో పిల్ల చెప్పేది పది నిమిషాలు వినే ఓపిక లేదు.

మేము అడిగేది చిన్నదే. సంఘం వధూవరుల పుస్తకంలో రాత్రి డ్యూటీని లోపంగా చూడొద్దు. పిల్ల గానీ పిల్లోడు గానీ "ఫలానా వాళ్ళంటే ఇష్టం" అంటే, మొదట కులం అడగొద్దు, "పనిలో ఎట్లాంటి మనిషి?" అని అడగండి. మిగతాది తర్వాత.

ఇది మా అభిప్రాయం. తప్పుంటే చెప్పండి. గద్దించకుండా చెప్పండి.