బహిష్టు రోజుల్లో విరేచనాలు - పస్తు మందు కాదు

ప్రశ్న: మా అమ్మాయికి 15 ఏళ్లు. పదో తరగతి చదువుతోంది. పుష్పవతి అయి రెండేళ్లు దాటింది. మొదటి ఏడాది ఏ బాధా లేదు. ఏడాదిగా బహిష్టు అయిన మొదటి రెండు రోజులు పొత్తికడుపులో మెలిపెట్టే నొప్పి, దానితో పాటు నాలుగైదు విరేచనాలు, వికారం. ఒక్కొక్క నెల వాంతి కూడా అవుతుంది. మూడో రోజుకు అన్నీ సర్దుకుంటాయి. కడుపు చెడిందని మా అత్తగారు ఆ రెండు రోజులూ పప్పు, పెరుగు పెట్టనివ్వరు. కాఫీ మీదే ఉంచుతారు. మందుల షాపు నుంచి విరేచనాలు కట్టే మాత్రలు తెచ్చి వేస్తున్నాం. పోయిన నెల స్కూల్లో ప్రార్థనకు నిలబడి కళ్లు తిరిగి పడిపోయింది. అప్పటి నుంచి తేదీ దగ్గర పడితే చాలు, స్కూలుకు వెళ్లనని ఏడుస్తోంది. ఇది పేగుల జబ్బా? నొప్పికి మందులు వాడితే రేపు పిల్లలు పుట్టరంటున్నారు, నిజమేనా? మార్చిలో పబ్లిక్ పరీక్షలు. బహిష్టు వాయిదా పడే మాత్రలు ఇవ్వవచ్చా?
- ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, రోగనిర్ణయానికి కావలసిన ముఖ్యమైన సంగతి మీ ఉత్తరంలోనే ఉంది. బాధ బహిష్టుతో వస్తోంది, మూడో రోజుకు పోతోంది. మిగతా నెలంతా అమ్మాయి మామూలుగా ఉంటోంది. పేగుల జబ్బులు ఇలా తేదీ చూసుకుని రావు. మీరు రాసినదాన్ని బట్టి ఇవి బహిష్టు వల్ల వచ్చే విరేచనాలే తప్ప తిండి తేడా వల్ల వచ్చినవి కావు.

గర్భాశయం లోపలి పొర నెలనెలా ఊడిపోయే సమయంలో అందులో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారవుతాయి. గర్భాశయపు కండరాన్ని ముడుచుకునేట్టు చేసి ఆ పొరను, రక్తాన్ని బయటికి నెట్టించడం వీటి పని. ఆ బిగింపే నొప్పి. కొందరు పిల్లల్లో ఇవి అవసరానికి మించి తయారై పేగుల మీద కూడా పని చేస్తాయి. పేగుల గోడలోనూ అలాంటి కండరమే ఉంది. అదీ తొందరగా ముడుచుకుంటుంది. నీరు ఇంకేలోగానే మలం బయటికి వచ్చేస్తుంది. వికారం, వాంతి, తలనొప్పి కూడా వీటి ప్రభావమే. కాబట్టి నొప్పి ఒక జబ్బు, విరేచనాలు మరొక జబ్బు కాదు. రెండింటికీ కారణం ఒకటే.

మొదటి ఏడాది బాధ లేకపోవడంలో కూడా వింత లేదు. పుష్పవతి అయిన కొత్తలో చాలా నెలలు అండం విడుదల కాకుండానే బహిష్టు అవుతుంది. అండం సక్రమంగా విడుదల కావడం మొదలైన తర్వాతే ఈ రకం నొప్పి కనిపిస్తుంది.

ఇక పస్తు సంగతి. మీ అత్తగారు మనవరాలి మీద ప్రేమతోనే చేస్తున్నారు. కాని లంఖణం పరమౌషధం అన్న మాట ఇక్కడ పనికిరాదు. ఒకపక్క విరేచనాలతో నీరు, ఉప్పు పోతున్నాయి. మరోపక్క రక్తం పోతోంది. కడుపు చూస్తే ఖాళీ. ఆ స్థితిలో నిలబెడితే ఏ పిల్లకైనా కళ్లు తిరుగుతాయి. పైగా కాఫీ పేగులను మరింత కదిలిస్తుంది. అది మానిపించండి.

ఆ రెండు రోజులూ కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పెట్టండి. ఇడ్లీ, చారన్నం, పెసరపప్పు కట్టు, మజ్జిగన్నం, రాగిజావ, అరటిపండు ఏవైనా పెట్టవచ్చు. పెరుగు తింటే బహిష్టు నొప్పి పెరుగుతుందనడానికి ఆధారం లేదు. కొత్త ఆవకాయ, మిరపకాయ బజ్జీలు, నూనె వంటకాలు, కూల్ డ్రింకులు ఆ రెండు రోజులకు పక్కన పెట్టండి. వికారానికి అల్లం కషాయం మంచిదే. మజ్జిగలో మెంతులు వేసి ఇచ్చే అలవాటు మీ ఇంట్లో ఉంటే మానవలసిన పని లేదు. విరేచనం అయినప్పుడల్లా ఓ.ఆర్.ఎస్. నీళ్లు ఒక గ్లాసు తాగించండి. ఈ పొట్లాలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. దొరకకపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో తలగొట్టిన ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. చెంచా అంటే టీ చెంచా. ఉప్పు మాత్రం కొలత మించకూడదు.

మందుల షాపులో ఇచ్చే విరేచనాల మాత్రలు మానిపించండి. వాటిలో చాలావరకు క్రిములను చంపే మందులుంటాయి. క్రిములే లేనిచోట వాటికేం పని? ఈ బాధకు కావలసింది ప్రోస్టాగ్లాండిన్ల తయారీని తగ్గించే మందు. ఆస్పిరిన్ జాతి మందులు ఈ పని చేస్తాయని జాన్ వేన్ అనే శాస్త్రవేత్త 1971లో చూపించాడు. ప్రోస్టాగ్లాండిన్ల మీద పరిశోధనకు ఆయనకు, స్వీడన్‌కు చెందిన మరిద్దరికి కలిపి 1982లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ కోవలోదే ఐబుప్రొఫెన్. మీ అమ్మాయి వయసుకు సాధారణంగా 200 నుంచి 400 మిల్లీగ్రాముల మాత్ర, రోజుకు మూడుసార్లు మించకుండా, రెండు మూడు రోజులు సరిపోతుంది. ఏదైనా తిన్న తర్వాతే వేయాలి. నొప్పి ముదిరాక వేస్తే లాభం తక్కువ. తయారైపోయిన రసాయనాన్ని మాత్ర తీసివేయలేదు, కొత్తది తయారు కాకుండా మాత్రమే ఆపుతుంది. అందుకని నొప్పి తొలి సూచన కనబడగానే వేయాలి.

మొదటిసారి మాత్రం డాక్టరుకు చూపించి, బరువు చూపించి, ఆయన చెప్పిన మోతాదులోనే వాడండి. ఉబ్బసం, కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లకు, జ్వరం వచ్చి డెంగీ అనుమానం ఉన్నవాళ్లకు ఈ మందులు ఇవ్వకూడదు. విరేచనాలు బాగా అయి మూత్రం తగ్గిపోతే కూడా వేయవద్దు, ముందు నీరు పట్టించాలి. బహిష్టు నొప్పికి ఎక్కువమంది కొనే మెఫెనమిక్ ఆమ్లం కూడా ఈ కోవలోదే. కాని కొందరికి దానివల్లనే విరేచనాలవుతాయి. అరుదుగా ఒంటిమీద దద్దుర్లు, జ్వరంతో తీవ్రమైన వికటింపు వస్తుందని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 2023లో హెచ్చరించింది. ఏ మాత్ర వేసినా దద్దుర్లు కనిపిస్తే ఆపి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఈ మందులు నెలకు రెండు మూడు రోజులు వాడినందువల్ల గర్భాశయం చెడిపోదు, పిల్లలు పుట్టకుండా పోరు. ఆ భయం వదిలేయండి. వేడినీళ్ల సంచి తువ్వాలులో చుట్టి పొత్తికడుపు మీద పెడితే కూడా మంచి ఉపశమనం ఉంటుంది.

వాయిదా మాత్రలు నా సలహా కాదు. వాటివల్ల కూడా వికారం, కడుపుబ్బరం రావచ్చు. మాత్రలు ఆపిన కొద్ది రోజులకు బహిష్టు ఎలాగూ వస్తుంది, అది మరో పరీక్ష రోజు కావచ్చు. దానికన్నా ఇప్పటి నుంచే క్యాలెండరులో తేదీలు గుర్తుపెట్టి, ఏ మందు ఎప్పుడు వేస్తే సుఖంగా ఉందో ఈ నెలల్లోనే చూసుకోండి. అప్పుడు మార్చిలో కంగారు ఉండదు.

పడిపోయింది కనుక రక్తపరీక్ష తప్పకుండా చేయించండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. స్కూల్లో వారానికొకటి ఇచ్చే నీలంరంగు ఐరన్ మాత్ర మానకూడదు. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తక్కువ.

ఈ లక్షణాలు ఉంటే మాత్రం నా జవాబుతో సరిపెట్టుకోకండి: మలంలో రక్తం, బహిష్టు కాని రోజుల్లోనూ విరేచనాలు, బరువు తగ్గడం, జ్వరం, కుడివైపు పొత్తికడుపులో ఆగని నొప్పి, బహిష్టు సమయంలో మలవిసర్జనకు తీవ్రమైన నొప్పి, గంటకో ప్యాడు తడిసేంత రక్తస్రావం, ఏడు రోజులు దాటిన బహిష్టు. సరిగ్గా మందు వాడినా మూడు నెలల్లో గుణం కనబడకపోయినా స్త్రీల వైద్య నిపుణురాలికి చూపించాలి. గర్భాశయపు పొర లాంటిది బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ అనే జబ్బు ఈ వయసులోనూ ఉండవచ్చు.

చివరగా ఒక మాట. చాలామంది ఆడపిల్లలు స్కూల్లో మరుగుదొడ్డికి వెళ్లాల్సి వస్తుందని ఆ రోజుల్లో మంచినీళ్లే తాగరు. మీ అమ్మాయి భయం కూడా అదేనేమో నెమ్మదిగా అడిగి చూడండి. క్లాసు టీచరమ్మతో మీరే మాట్లాడండి. అడిగిన వెంటనే బయటికి పంపమని, ప్రార్థనలో నిలబెట్టవద్దని చెప్పండి. సంచిలో ఒక జత బట్టలు, ప్యాడ్లు, ఓ.ఆర్.ఎస్. పొట్లం, నీళ్ల సీసా పెట్టి పంపండి. తనకు వచ్చినది రోగం కాదనీ, దానికి మందు ఉందనీ తెలిస్తే పిల్లకు సగం ధైర్యం వస్తుంది. ఈ జవాబు ఆమె చేతే చదివించండి.