నేతిబీరకాయలో నెయ్యి, గ్రాఫీనులో ఉత్ప్రేరకం

గ్రాఫీను అన్న మాటకు ముందు 'త్రిమితీయ' అనీ, వెనుక 'ఉత్ప్రేరకం' అనీ తగిలిస్తే చాలు, పరిశోధనా పత్రం సగం సిద్ధమైనట్టే. మిగతా సగానికి నత్రజనో, గంధకమో, బోరానో కాస్త కలిపి, కలపనిదానికంటే కలిపినది మెరుగని ఒక వక్రరేఖ గీయాలి. దీన్ని విజ్ఞానశాస్త్రమనడానికి నాకు మనసొప్పడం లేదు. ఇది పోపుల పెట్టె ముందేసుకుని చేసే వంటల పోటీ.

ఈ మాట నాబోటివాడంటే కొట్టిపారేయవచ్చు. కానీ 2020లో ప్రాగ్ నగరంలోని మార్టిన్ పుమేరా బృందం ప్రయోగం చేసి మరీ అన్నది. గ్రాఫైట్ ఆక్సైడులో పక్షుల రెట్ట కలిపి, వేడిచేసి గ్రాఫీను తయారుచేశారు. రెట్టలో నత్రజని, భాస్వరం, గంధకం ఎలాగూ ఉంటాయి కదా! ఆ రెట్ట గ్రాఫీను, ఏమీ కలపని గ్రాఫీనుకంటే ఆక్సిజన్ క్షయకరణంలోనూ, హైడ్రోజన్ విడుదలలోనూ మెరుగ్గా పనిచేసింది. ఫలితాన్ని ఏసీఎస్ నానో పత్రికలో ప్రకటిస్తూ, గ్రాఫీనులో ఏ చెత్త వేసినా దాని శక్తి పెరుగుతుందా అని శీర్షికలోనే నిలదీశారు.

లెక్క చూడండి. 84 మూలకాలను ఒక్కొక్కటిగా కలిపితే 84 పత్రాలు. రెండేసి చొప్పున 3,486. మూడేసి చొప్పున 95,284. నాలుగేసి చొప్పున 19 లక్షల పైమాటే. ఎన్ని తరాల విద్యార్థుల యౌవనాన్ని ఈ లెక్కకు బలిపెడదాం?

'త్రిమితీయం' వట్టి అలంకారమని నేననను. ఒక్క పొర గ్రాఫీనుకు సిద్ధాంతరీత్యా గ్రాముకు సుమారు 2,630 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. అయితే ఆ పొరలు విడివిడిగా నిలవవు. ఒకదానిపై ఒకటి అతుక్కుని మళ్ళీ గ్రాఫైటు దారి పడతాయి. అందుకే 2010లో చైనా పరిశోధకులు గ్రాఫీను ఆక్సైడును నీటిలో అధిక పీడనం కింద వేడిచేసి జెల్లుగా అల్లారు. 2011లో షెన్యాంగ్ పరిశోధకులు నికెల్ నురుగుపై గ్రాఫీనును పెంచి, నికెల్‌ను ఆమ్లంలో కరిగించి, గ్రాఫీను నురుగును మిగిల్చారు. పొరలు అతుక్కోవు, రంధ్రాలగుండా ద్రవం, వాయువు లోపలికంటా వెళతాయి. ఇవి నిజమైన సుగుణాలే.

నా తగవు ఆ తరువాతి మాటతో. ఎలక్ట్రోడు చదరపు సెంటీమీటరుకు కరెంటు పెరిగిందంటారు. పెరగదా మరి! అదే చదరపు సెంటీమీటరు మీద ఎన్నో రెట్లు ఉపరితలం పేర్చారు. పదిమంది కూలీలను పెట్టి, పని ఎక్కువైంది కనుక ఒక్కొక్క కూలీ బలవంతుడయ్యాడనడం న్యాయమేనా? ఎంత పదార్థం వేశారో, నిజంగా పనిచేసే ఉపరితలమెంతో, ఒక్కొక్క క్రియాశీల స్థానం సెకనుకు ఎన్ని అణువులను మార్చిందో చెప్పకుండా ఉత్ప్రేరకం మెరుగైందనడం కనికట్టు.

ఇక 'లోహరహితం' అన్న బిరుదు. నికెల్ నురుగును ఎంత కడిగినా జాడలు మిగలవచ్చు. 1958నాటి హమ్మర్స్ పద్ధతిలో పొటాషియం పర్మాంగనేటు వాడతారు, అందులో మాంగనీసు ఉంది. లోహరహితమన్న ఆక్సిజన్ క్షయకరణం వెనుక ఇలాంటి లోహపు జాడలే ఉన్నాయని పుమేరా బృందం 2013లోనే చూపింది. ఉత్ప్రేరణకు పదిలక్షల్లో కొన్ని పాళ్ళ లోహమైనా చాలవచ్చు. పరీక్షించకుండా పెట్టిన ఆ పేరు నేతిబీరకాయలో నెయ్యి వంటిదే.

"విజ్ఞానం చిన్నచిన్న అడుగులతోనే సాగుతుంది, ప్రయత్నించేవారిని వెక్కిరించడమెందుకు?" అని కొందరంటారు. చిన్న అడుగుకు నేను నమస్కరిస్తాను. 2016లో జపానులోని త్సుకుబా పరిశోధకులు నురుగులూ జెల్లులూ పక్కనబెట్టి, చదునైన శుద్ధ గ్రాఫైటు మీద ఏ రకపు నత్రజని ఎంత ఉందో కొలిచి, పిరిడీన్ తరహా నత్రజని పక్కనున్న కర్బన పరమాణువే క్రియాశీల స్థానమని చూపారు. అడుగంటే అది. ఒకేచోట నిలబడి కాళ్ళాడించడాన్ని నడక అనలేం.

ఇంధన ఘటాలకు నేటికీ ప్లాటినమే ముఖ్యాధారం. అది అరుదు, ఖరీదు. దానికి ప్రత్యామ్నాయం కావాలన్న అవసరం నిజమైనది కనుకనే ఈ ఆర్భాటం మీద నాకింత కోపం. అందరూ తాము గెలిచామని చాటుకుంటూంటే, నిజంగా గెలిచినవాణ్ణి గుర్తించేదెలా?

కనుక పత్రికల సంపాదకులు కొత్త 'త్రిమితీయ గ్రాఫీను' పత్రాన్ని చేతిలోకి తీసుకోగానే మూడు ప్రశ్నలడగాలి. లోహపు జాడలు కొలిచారా? పనిచేసే ఉపరితలంతో భాగించారా? ప్లాటినంతో, కనీసం చవకైన మసిబొగ్గుతో పోల్చారా? జవాబు లేకపోతే తిప్పి పంపాలి. ఏమీ కలపని గ్రాఫీనును ఓడించడం ఘనకార్యం కాదు, దాన్ని రెట్ట కూడా ఓడించింది.

కాదనే మిత్రులుంటే వాదనకు సిద్ధం. వచ్చేటప్పుడు కొలతలు తెచ్చుకోండి.