జీతం ఆగిన సైన్యాలు: చిత్తూరు పాళేల నుంచి కాబూల్ దాకా

పూతలపట్టు కూడలిలో కర్నూలు నుంచి వచ్చే రోడ్డూ తిరుపతి రోడ్డూ కలుస్తాయి. పాకాల, కల్లూరు, పులిచెర్ల అంటే ఈ చుట్టుపక్కల జనానికి పక్క ఊళ్లు, బంధువుల ఇళ్లు. 1801లో మద్రాసులోని ఈస్టిండియా కంపెనీ దొరలకు మాత్రం ఇవి తలనొప్పి పేర్లు. వీటికి తోడు మొగరాల, బంగారి, నరగంటి, గుడిపాటి. అన్నీ కలిపి చిత్తూరు పాళేలు. ఒక్కో పాళేనికి ఒక పాళెగాడు, అతనికి అండగా అడవి, కొండ, తుపాకీ పట్టిన కట్టుబడి బంట్లు. వీళ్లను దారికి తెచ్చేందుకు కంపెనీకి నాలుగేళ్లు పట్టింది, ఫౌజులను దించాల్సి వచ్చింది.

ఇప్పుడీ సంగతి ఎందుకంటే, అఫ్గానిస్తాన్ నిలబడుతుందా అన్న ప్రశ్నకు జవాబు వెతికే వాళ్లు ఎక్కువగా మతం దగ్గరో, తెగల దగ్గరో, కొండల దగ్గరో ఆగిపోతున్నారు. ‘సామ్రాజ్యాల శ్మశానం’ అన్న మాట ఒకటి అరిగిపోయేదాకా వాడారు. ఆ మాట ఏదీ విడమరచి చెప్పదు. 1989లో సోవియట్ సైన్యం పోయినప్పుడూ అవే కొండలు, అవే తెగలు. అయినా కాబూల్ ప్రభుత్వం మూడేళ్లు నిలబడింది. 2021లో అమెరికా ఆఖరి విమానం ఎక్కకముందే ప్రభుత్వం కూలిపోయింది. తేడా కొండల్లో లేదు. ఆయుధం పట్టిన వాడికి నెల తిరిగేసరికి కూలి ఎక్కడి నుంచి వస్తోంది, ఎన్నాళ్లు వస్తుంది అన్నదాంట్లో ఉంది. ఈ లెక్క మన సీమ చరిత్రలో చాలా స్పష్టంగా కనిపిస్తుంది.

పాళెగాడి బలం కోటలో కన్నా కావలిలో ఉండేది. పంటకూ పశువుకూ బాటసారికీ అతని మనుషులే కాపలా. దొంగతనం జరిగితే సొమ్ము పట్టి తేవాలి, తేలేకపోతే నష్టం కట్టివ్వాలి. అది రివాజు. అందుకు ప్రతిఫలంగా కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు కావలి మేర తీసి పక్కన పెట్టేవారు. కాపలా కాసేవాడే దొంగలతో పొత్తు పెట్టుకున్న సందర్భాలూ తక్కువేం కాదు, కంపెనీ వాళ్లు దాన్ని పదేపదే ఎత్తిచూపారు కూడా. కానీ గమనించాల్సింది ఒకటుంది: ఆ బంటుకు కూలి ఇచ్చింది అతను కాపలా కాసిన ఊరే. ఆర్కాటులో నవాబు మారినా, శ్రీరంగపట్నంలో సుల్తాను మారినా, హైదర్ అలీ 1782 డిసెంబరులో ఇదే చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట విడిదిలో కన్నుమూసినా, కళ్లంలో మేర ఆగలేదు. అందుకే పాళెం నిలిచింది, పైన రాజ్యాలు కూలాయి.

పై రాజ్యాల కథ దీనికి సరిగ్గా తిరగేసినట్టుంటుంది. ఆర్కాటు నవాబు తన కాపలాకు కంపెనీ పటాలాన్ని పెట్టుకున్నాడు. ఆ జీతాల బాకీ కొండలా పెరిగి, 1801 జులై ఒప్పందంతో కర్ణాటకమంతా కంపెనీ పాలైంది. చిత్తూరు, పూతలపట్టు వైపు పాళేలు అలా చేతులు మారాయి. పడమటి దిక్కున ఇంకా విచిత్రం. నిజాం తన దగ్గర ఉంచుకున్న కంపెనీ సైన్యానికి నగదు కట్టే బదులు 1800లో కడప, బళ్లారి సీమలనే రాసిచ్చేశాడు. మదనపల్లె, వాయల్పాడు అందులోవే. దత్త మండలాలని ఒకప్పుడు పిలిచిన ప్రాంతమంతా, సూటిగా చెప్పాలంటే, పరాయి సైన్యం జీతం కింద పోయిన భూమి. రాయలసీమ అన్న పేరు 1928 నంద్యాల సభలో వచ్చి ఆ గుర్తును చాలావరకు చెరిపేసింది.

వచ్చీ రాగానే కంపెనీ చేసిన పని పేష్కష్ (పాళెగాడు కట్టే కప్పం) పెంచడం, కావలి హక్కును తన చేతిలోకి తీసుకోవడం. అంటే పాళెగాడి దగ్గర వసూలు పెంచి, అతని ఆదాయం తెంచింది. 1803 నుంచి 1805 దాకా చిత్తూరు పాళేల్లో తిరుగుబాటు సాగిందంటే ఆశ్చర్యం ఏముంది? అడవుల్లోకి ఫౌజు వెళ్లింది. కొందరు పాళెగాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కొన్ని పాళేలు తుపాకులు పోయి ఒట్టి ఎస్టేట్లుగా మిగిలి, 1948 మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం దాకా నడిచాయి.

దత్త మండలాల్లో కంపెనీ కలెక్టర్ థామస్ మన్రో ముందు ఇంతకన్నా పెద్ద చిక్కే ఉంది. ఎనభై మంది పాళెగాళ్లు, వాళ్ల వెంట సుమారు 30 వేల మంది సాయుధులు. ఆయన చేసింది రెండు పనులు. పాళెగాడిని కట్టలేనంత శిస్తులో ఇరికించి, ఎదురు తిరిగితే జనరల్ డూగల్డ్ క్యాంప్‌బెల్ పటాలంతో వెళ్లగొట్టి, చివరికి పింఛను చేతిలో పెట్టడం ఒకటి. రైతు శిస్తును నేరుగా కచేరీలో కట్టించుకోవడం రెండోది. మొదటి పని తీరు లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లకే నచ్చలేదు. మన్రోను దేవుడిలా తలచే సీమ జ్ఞాపకంలో ఈ ముక్కకు చోటు తక్కువ. కానీ రెండో పనితో పాళెగాడి వెనక బంటు పల్చబడ్డాడు. కూలి ఇచ్చే చెయ్యి మారింది మరి.

అది శాంతి అనుకుంటే పొరపాటు. నలభై ఏళ్ల తర్వాత 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. నొస్సం పాళెగాళ్ల వారసత్వంగా రావాల్సిన పింఛను కంపెనీ ఎగ్గొట్టింది. అతనికి నెలకు దక్కుతూ వచ్చిందేమో 11 రూపాయల చిల్లర. అతని వెనక నడిచిన వాళ్లలో మాన్యాలు పోగొట్టుకున్న కట్టుబడి వాళ్లున్నారు. 1847 ఫిబ్రవరి 22న అతన్ని ఉరి తీశారు. స్థిరపడిపోయిందని అందరూ అనుకున్న నేల కూడా జీతం లెక్క తప్పితే ఎలా రాజుకుంటుందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఈ లెక్కతోనే అఫ్గానిస్తాన్ వైపు చూడాలి. 1841 అక్టోబరులో కాబూల్‌లోని బ్రిటిష్ ప్రతినిధి మాక్‌నాటన్ ఖర్చు తగ్గించాలని తూర్పు ఘిల్జాయ్ నాయకులకు ఇచ్చే భత్యంలో కోత పెట్టాడు. వాళ్లు జలాలాబాద్ కనుమలు మూసేశారు. నవంబరు 2న కాబూల్ తిరగబడింది. 1842 జనవరి 6న సుమారు 4,500 మంది సైనికులు, 12 వేల మంది అనుచరులు మంచులో తిరుగుప్రయాణం కట్టారు. వారం తర్వాత గుర్రం మీద జలాలాబాద్ చేరింది డాక్టర్ బ్రైడన్ ఒక్కడే అన్నది లోకానికంతా తెలిసిన కథ. భత్యం కోత సంగతే ఎవరికీ గుర్తుండదు. బ్రిటిష్ వాళ్లకు గుర్తుంది కాబట్టే 1883 నుంచి అఫ్గాన్ అమీర్ అబ్దుర్ రహమాన్‌కు ఏటా 12 లక్షల రూపాయలు, 1893 డ్యూరాండ్ సరిహద్దు ఒప్పందం తర్వాత 18 లక్షలు ఇచ్చారు. ఆ సొమ్ము హిందూదేశపు ఖజానాది. అందులో మన సీమ రైతు కట్టిన శిస్తు వాటా ఎంతో ఎవరూ లెక్క కట్టలేదు.

సోవియట్ కథ కూడా ఇంతే. 1989 ఫిబ్రవరి 15న సోవియట్ జనరల్ గ్రోమోవ్ సరిహద్దులోని స్నేహ వంతెన దాటి వెళ్లిపోయాడు. కాబూల్‌లో అధ్యక్షుడు నజీబుల్లా వారాల్లో పడిపోతాడని అందరూ పందాలు కాశారు. మార్చిలో జలాలాబాద్ మీదికి వచ్చిన ముజాహిదీన్‌ను అతని సైన్యమే వెనక్కి కొట్టింది. మాస్కో నుంచి గోధుమలు, ఇంధనం, డబ్బు వస్తున్నంత కాలం దోస్తుమ్ లాంటి మిలీషియా నాయకులు అతనితోనే ఉన్నారు. 1992 జనవరి 1తో సాయం ఆగింది. ఏప్రిల్‌కల్లా దోస్తుమ్ పక్కకు తిరిగాడు, నజీబుల్లా ఐక్యరాజ్య సమితి ప్రాంగణంలో తలదాచుకున్నాడు.

ఆ తర్వాత అమెరికా అండతో వచ్చిన రిపబ్లిక్ మరీ పరాధీనం. ప్రభుత్వ ఖర్చులో దాదాపు నాలుగింట మూడొంతులు దాతల డబ్బే. సైన్యం పద్దుల్లో అసలు లేనే లేని సైనికుల పేర్ల మీద జీతాలు, ఉన్న సైనికుడికి నెలల తరబడి బాకీ. 2020 ఫిబ్రవరి 29 దోహా ఒప్పందంతో అమెరికా పోతుందన్నది ఖాయమైంది. 2021 జులైలో బాగ్రామ్ స్థావరాన్ని రాత్రికి రాత్రి ఖాళీ చేశారు. కాంట్రాక్టు మెకానిక్కులు వెళ్లిపోవడంతో అఫ్గాన్ విమానాలు నేల మీదే ఆగాయి. కాందహార్ ముట్టడి రోజుల్లో ముందు వరుసలోని ఒక పోలీసు దళానికి రోజు మొత్తానికి రేషన్ కింద వచ్చింది, ఒక అట్టపెట్టెడు జిగట కట్టిన బంగాళాదుంపలు. ఆ పెట్టె విప్పి చూసుకున్నవాడు ఎవరి కోసం ప్రాణం ఇవ్వాలి? ఆగస్టు 6న జరంజ్ తాలిబాన్ చేతికి పోయింది, 15న కాబూల్ పోయింది.

అయితే చిత్తూరుకూ కాబూల్‌కూ పోలిక అన్ని చోట్లా కుదరదు. కంపెనీ కూడా పరాయిదే, కానీ అది వెళ్లేందుకు రాలేదు. శిస్తు వసూలు చేసుకుని కూర్చోడానికి వచ్చింది. అమెరికా మొదటి రోజు నుంచీ తిరుగు టికెట్ గురించే మాట్లాడింది. ఊళ్లో వసూలు పని చివరిదాకా తాలిబాన్ చేతిలోనే ఎక్కువగా ఉండిపోయింది. రోడ్డు మీద లారీకి పన్ను, పొలంలో ఉష్ర్ (పంట మీద పన్ను), తగాదాకు తీర్పు. మన కావలి మేరను ఎరిగినవాడికి ఇది కొత్తగా అనిపించదు.

ఆ వసూలు శక్తే ఇవాళ తాలిబాన్ పాలనకు ప్రాణం. సరిహద్దు సుంకాలు గత ప్రభుత్వం కన్నా గట్టిగా వసూలవుతున్నాయి. 2022 ఏప్రిల్‌లో నల్లమందు సాగును నిషేధిస్తే, ఐరాస లెక్క ప్రకారం 2,33,000 హెక్టార్ల సాగు మరుసటి ఏడాదికి 10,800 హెక్టార్లకు పడిపోయింది. ఇంత మాట చెల్లుబాటు చేసుకున్న ప్రభుత్వం కాబూల్‌లో చాలా కాలంగా లేదు. 2025 జులైలో రష్యా గుర్తింపు ఇచ్చింది.

బలహీనతలూ అదే చోట ఉన్నాయి. నల్లమందు పోయిన రైతుకు బదులు పంట దొరకలేదు. 2024 మేలో బదఖ్షాన్ రైతులు పొలాలు నాశనం చేయడానికి వచ్చిన వాళ్లకు అడ్డం తిరిగారు. పాకిస్తాన్‌తో 2025 అక్టోబరులో కాల్పులు జరిగాక తోర్ఖమ్, చమన్ సరిహద్దు గేట్లు మూతపడ్డాయి. సుంకం మీద బతికే ప్రభుత్వానికి గేటు మూయడం కన్నా దెబ్బ ఉండదు. అదే ఏడాది ఇరాన్, పాకిస్తాన్‌లు వెనక్కి పంపిన జనం ఇరవై లక్షల పైమాటే. ఆడపిల్లకు ఆరో తరగతి దాటితే బడి లేదు, 2022 డిసెంబరు నుంచి యూనివర్సిటీ కూడా లేదు. ఇది న్యాయాన్యాయాల మాట మాత్రమే కాదు, సగం మంది సంపాదనను ఇంట్లో కట్టిపడేయడం. ఐసిస్ ఖొరాసాన్ ముఠా 2024 డిసెంబరులో కాబూల్‌లో మంత్రి ఖలీల్ హక్కానీని ఆయన మంత్రిత్వ శాఖ ఆవరణలోనే చంపింది. పైకి నిశ్శబ్దంగా ఉన్నా, 1846 ముందు నొస్సం సీమ కూడా నిశ్శబ్దంగానే ఉంది. తాలిబాన్ పాలన ఇప్పట్లో కూలకపోవచ్చు. కుదురుకుందని మాత్రం అనలేం.

మనకేం పట్టిందని అనేవాళ్లకు రెండు పేర్లు చెప్పాలి. హైదరాబాద్ టెలికాం ఇంజనీరు కె. సూర్యనారాయణ ఒక బహ్రెయిన్ కంపెనీ తరఫున జాబుల్ రాష్ట్రంలో పనిచేస్తూ 2006 ఏప్రిల్ చివర్లో అపహరణకు, ఆపై హత్యకు గురయ్యారు. 2008 జులై 7న కాబూల్‌లోని భారత రాయబార కార్యాలయం మీద జరిగిన కారు బాంబు దాడిలో దౌత్యాధికారి వి. వెంకటేశ్వరరావు, బ్రిగేడియర్ ఆర్.డి. మెహతా సహా యాభై మందికి పైగా చనిపోయారు. 218 కిలోమీటర్ల జరంజ్–దెలారామ్ రోడ్డు, హెరాత్‌లోని సల్మా డ్యాం, పార్లమెంటు భవనం ఈ భయం మధ్యే భారతీయులు కట్టినవి.

2025 అక్టోబరులో తాలిబాన్ విదేశాంగ మంత్రి ముత్తకీ ఢిల్లీ వచ్చాక కాబూల్‌లో మళ్లీ పూర్తిస్థాయి రాయబార కార్యాలయం తెరుచుకుంది. రోడ్లు, ఆస్పత్రులు, గనుల పనులు మొదలైతే మనవాళ్లు మళ్లీ వెళ్తారు. చిత్తూరు, అన్నమయ్య, కడప జిల్లాల ఇళ్లలో కువైట్ ఉద్యోగం ఎలాంటిదో తెలుసు కాబట్టి ఏజెంటు మాట నమ్మడం తేలిక. ఎమిగ్రేషన్ క్లియరెన్సు కావాల్సిన దేశాల జాబితాలో అఫ్గానిస్తాన్ ఉంది, కానీ పదో తరగతి దాటినవాడికి ఆ తనిఖీ వర్తించదు. అంటే ప్రమాదం ఎక్కువున్న పనులకు వెళ్లే ఇంజనీరు, టెక్నీషియన్ల వివరాలు ప్రభుత్వం దగ్గర ఉండకుండానే విమానం ఎక్కొచ్చు. అఫ్గానిస్తాన్ వరకైనా చదువుతో సంబంధం లేకుండా ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదును, యజమాని కట్టే బీమాను, భద్రత ఏర్పాట్ల రాతపూర్వక హామీని విదేశాంగ శాఖ తప్పనిసరి చేయాలి. ఆ ఉత్తర్వు కోసం చిత్తూరు, తిరుపతి ఎంపీలు పార్లమెంటులో ఇప్పుడే అడగాలి.