మూగవోయిన మోడెము

ధనమిచ్చి కొనిన వస్తువు మనది యగునా? అగుననియే యెల్లరు ననుకొందురు. పొలము కొనినవానిదే పొలము, బండి కొనినవానిదే బండి. కాని కంప్యూటరుల విషయమున నీ న్యాయము సంపూర్ణముగా చెల్లదని మా యభిప్రాయము. వస్తువు మన చేతికి వచ్చినను, దానిని నడపు విద్య యితరుల పెట్టెలో తాళము వేయబడి యున్నచో, ఆ వస్తువు సగమే మనది. ఇందుకు నిదర్శనముగా ల్యాప్‌టాప్‌ల లోపల నమర్చబడిన డయల్-అప్ మోడెము కథను చదువరుల ముందుంచుచున్నాము.

నేటి బాలబాలికలలో మోడెము కూతను విన్నవారు అరుదు. మన దేశమున 1995వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ ప్రజలకు ఇంటర్నెట్టు సేవను ప్రారంభించినప్పుడు, ఇంటి టెలిఫోను తీగయే దానికి త్రోవ. ఆ తీగ మనుష్యుని కంఠధ్వని కొఱకు వేయబడినది. కంప్యూటరు భాషయో, సున్నలును ఒకట్లును. ఆ యంకెలను ధ్వనిగా మార్చి పంపుటయు, వచ్చిన ధ్వనిని మరల నంకెలుగా మార్చుటయు మోడెము పని. 1998లో వెలువడిన వి.90 అను ప్రమాణము ననుసరించి, సెకనుకు గరిష్ఠముగా 56,000 బిట్లను అందుకొనుట సాధ్యమయ్యెను.

తొలుదొలుత మోడెములు తమ పనిని తామే చేసికొనెడివి. ధ్వనిని లెక్కించు చిప్పును, ఆజ్ఞలను గ్రహించు చిప్పును వానియందే యుండెడివి. 1981లో హేస్ సంస్థ వెలువరించిన స్మార్ట్‌మోడెము మొదలుకొని, 'ఏటీ' యను రెండక్షరములతో నారంభమగు ఆజ్ఞలు వానికి సాధారణ భాష యయ్యెను. ఏ ఆపరేటింగ్ సిస్టమైనను ఆ భాషలో నడిగిన మోడెము పలికెడిది. పిదప 1990ల చివరి భాగమున, ఖర్చు తగ్గించుటకై తయారీదారులు ఆ చిప్పులను తీసివేసి, లెక్కల భారమును కంప్యూటరు ప్రాసెసరు మీదనే మోపిరి. అట్టి ల్యాప్‌టాప్‌లో మిగిలినది టెలిఫోను తీగను కలుపు చిన్న పలక మాత్రమే. అసలు మోడెము డ్రైవరు అను సాఫ్ట్‌వేరులో నుండెను. ఆ డ్రైవరు సాధారణముగా విండోసునకు మాత్రమే వ్రాయబడెను గనుక, ఇట్టి వానికి 'విన్‌మోడెములు' అను పేరు వాడుకలోనికి వచ్చెను.

ఈ యుపాయమును మేము నిందింపము. దానివలన వెల తగ్గెను, ల్యాప్‌టాప్‌లో చోటు కలిసివచ్చెను. దోషము పొదుపునందు లేదు, రహస్యమునందు గలదు. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్సు, 1992లో జీపీఎల్ అను అనుమతిపత్రము క్రిందికి వచ్చెను. దాని మూలమును, అనగా ప్రోగ్రాము వ్రాయబడిన రూపమును, ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, పంచుకొనవచ్చును. దానిని ల్యాప్‌టాప్‌లో స్థాపించినవారికి తెర వెలిగెను, మీటలు పనిచేసెను, మోడెము మాత్రము మూగవోయెను. అది చెడినది కాదు. దానితో మాటలాడు విధమును చెప్పువారు లేకపోయిరి.

అంతట స్వచ్ఛంద సేవకులు పలువురు పూనుకొని యొక పద్ధతి నేర్పఱచిరి. మొదట 'ఎల్ఎస్‌పీసీఐ' అను ఆజ్ఞచే లోపలి చిప్పు ఎవరిదో గుర్తింపవలెను. ల్యాప్‌టాప్ మూతపై నున్న పేరు ఇందుకు చాలదు. పిదప ఆ చిప్పునకు తగిన డ్రైవరును వెదకవలెను. అనేక ల్యాప్‌టాప్‌లలో మోడెము పలక ధ్వని చిప్పుతో జతపడి యుండెను గనుక, లినక్సు ధ్వని వ్యవస్థయైన ఆల్సాలోని యొక డ్రైవరు దానిని మేల్కొలిపెడిది. 'ఎస్ఎల్‌మోడెమ్‌డీ' యను ప్రోగ్రాము లెక్కలు చేసెడిది. అటుపిమ్మట 'డబ్ల్యూవీడయల్' వంటి ప్రోగ్రాముచే నంబరు త్రిప్పించెడివారు. మన టెలిఫోనుల డయలు ధ్వనిని మోడెము గుర్తింపనిచో, 'ఏటీఎక్స్3' అను ఆజ్ఞచే ఆ ధ్వనికై వేచియుండవలదని చెప్పెడివారు. ఒక్కొక్క మెట్టును పరీక్షించి, కారణము కనుగొని, ముందునకు సాగు నీ క్రమము మన ప్రయోగశాలలో నేర్పబడు క్రమమే గదా!

అయినను శ్రమ యంతయు ఫలింపలేదు. ఎస్ఎల్‌మోడెమ్‌డీలోని ముఖ్యభాగము మూలము లేకుండ, 32 బిట్ల యంత్రభాషలోనే యియ్యబడెను. 64 బిట్ల లినక్సు వ్యాపించినప్పుడు దానిని తగినట్లు తిరుగవ్రాయు మార్గము వాడుకదారులకు లేకపోయెను. కొనెక్సాంట్ చిప్పులకు లినక్సాంట్ అను సంస్థ డ్రైవరును సమకూర్చెను గాని, వెల చెల్లింపనివారికి సెకనుకు 14,400 బిట్ల వేగము మాత్రమే దక్కెను. దీనికి భిన్నముగా ఐబీఎం సంస్థ, తన థింక్‌ప్యాడ్ 600, 600ఈ, 770 ల్యాప్‌టాప్‌లలోని ఎంవేవ్ మోడెము కొఱకు లినక్సు డ్రైవరును వ్రాసి, మూలముతో సహా బయటపెట్టెను. అది లినక్సు కెర్నెలులో చేర్చబడెను. మనసున్న మార్గము గలదని దీనివలన తెలియుచున్నది.

తయారీదారుల పక్షమునను ఒక మాట చెప్పవలసి యున్నది. ఇట్టి మోడెములో లెక్కలు చేయు విధమే వారి సరకు; దానిని బయటపెట్టిన పోటీదారులు లాభపడుదురను భయము నిరాధారము కాదు. ఆ వాదమును మేము త్రోసివేయము. కాని అమ్మకము ముగిసి, తయారీ మానివేసి, ఆ సరకును తామే మఱచిన పిదపనైనను ఆ విద్యను విడిచిపెట్టుటకేమి యడ్డము? తలాంతును భూమిలో పాతిపెట్టిన దాసుని కథ మన పాఠశాలలో నెఱుగనివారు లేరు. పాతిపెట్టబడిన విద్య యజమానునకు నక్కఱకు రాదు, పొరుగువానికిని రాదు.

డయల్-అప్ కాలము దాదాపు గతించినది; అమెరికాలో ఏఓఎల్ సంస్థ సయితము 2025 సెప్టెంబరు 30వ తేదీన ఆ సేవను నిలిపివేసెను. మరి యీ పాత కథ యేల యని యడుగుదురేమో. మోడెము పోయినను ప్రశ్న పోలేదు. వై-ఫై చిప్పుల విషయమున నదే చిక్కు వచ్చెను. 2010లో బ్రాడ్‌కామ్ సంస్థ తన కొత్త చిప్పులకు బహిరంగ డ్రైవరు నిచ్చెను. గ్రాఫిక్సు చిప్పుల విషయమునను వచ్చెను. 2022లో ఎన్‌విడియా సంస్థ తన డ్రైవరులోని కెర్నెలు భాగపు మూలమును వెలువరించెను. తలుపు ఆలస్యముగనైనను తెరువబడుచున్నది. వాడుకదారులు తట్టుట మానకుండుటయు నందుకొక కారణమని మా నమ్మకము.

ఇది మన వంటి పాఠశాలలకు దూరపు సంగతి కాదు. విండోసు 10నకు మైక్రోసాఫ్టు సంస్థ యిచ్చుచుండిన సాధారణ పోషణ 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసెను. చక్కగా నడచుచున్న కంప్యూటరులు పెక్కు విండోసు 11నకు తగవని త్రోసివేయబడుచున్నవి. వానిలో లినక్సును స్థాపించిన, అవి యింక కొన్నియేండ్లు పేదపిల్లలకు పాఠము చెప్పగలవు. కాని లోపలి చిప్పులకు బహిరంగ డ్రైవరులున్ననే యది సులభము.

కావున మిషను అధికారులకును తలిదండ్రులకును మా మనవి యిది. కంప్యూటరు కొనునప్పుడు గాని, దానముగా స్వీకరించునప్పుడు గాని, వెలయు వేగమును మాత్రమే విచారింపక, లినక్సుతో దాని భాగములన్నియు పనిచేయునా యని ముందుగా నడుగుడు. పాతదానిని తూకమునకు అమ్మివేయుటకు ముందు ఒక్కసారి పరీక్షింపుడు. విద్యార్థులారా, మీరు మీట నొక్కుటతో తృప్తిచెందకుడు. అది యెట్లు పనిచేయుచున్నదో యడుగుడు. తెలిసికొనినదానిని దాచుకొనక తోడివారికి చెప్పుడు. వస్తువును కొనుటకు ధనము చాలును. దానిని నిజముగా మనదిగా చేసికొనుటకు దాని విద్యయు కావలెను.